ఊరకుండుమని చెప్పబడిన తామారు

పాఠ్యభాగము: 2 సమూయేలు 13వ అధ్యాయము

వియన్నా పట్టణములో 1880 మొదలు 1882 వరకు బ్రాయరు అను డాక్టరు ఒక యువతికి చికిత్స చేసెను. మండువేసవిలో ఆరు వారములు ఆమె గ్లాసు పెదవికి తాకగానే త్రోసివేయుచు, పండ్లతోనే దాహము తీర్చుకొనెను. కారణము ఆమెకే తెలియదు. మగతనిద్రలో ఒకనాడు చెప్పెను: తనకు గిట్టని ఒక స్త్రీ గదిలో కుక్క గ్లాసులోని నీళ్లు త్రాగుట చూచి, మర్యాదకై నోరు మూసికొన్నదట. ఆ కోపము వెళ్లగ్రక్కి నీళ్లడిగి త్రాగెను. చెప్పక అణచిన గాయము మనకు తెలియని మనస్సులో దాగి దేహమును బాధించునని 1895లో బ్రాయరు, ఫ్రాయిడు వ్రాసిరి. (ఆమె వ్యాధి అంతటితో పోలేదు, ఫ్రాయిడు తరువాత చెప్పినవన్నియు నేటి వైద్యులు ఒప్పుకొనరు.)

తామారు మాత్రము మొదట దాచలేదు. అమ్నోను చెరిపిన దినముననే తలపై బూడిద పోసికొని, అంగీ చింపుకొని, కేకలు వేయుచు పోయెను. ఆమె నోరు మూయించినది తోడబుట్టిన అబ్షాలోము. అతడు నీ అన్నయే, మనసున పెట్టుకొనవద్దనెను. పరువు పేరట మన యిండ్లలోను ఈ మాటే వినబడును! ఆమె అతని యింట కుంగిపోయెను. తండ్రియైన దావీదు మిగుల కోపపడెను గాని, కుమార్తెను పిలిచి ఆమె మాట వినినట్టు వ్రాయబడలేదు. అబ్షాలోము రెండేండ్లు పగ మ్రింగుకొని, గొఱ్ఱెల బొచ్చు కత్తిరించు పండుగనాడు అమ్నోనును చంపించెను.

తామారును గూర్చి మరేమియు లేదు. అబ్షాలోము తన కుమార్తెకు ఆ పేరు పెట్టెనని మాత్రము తరువాతి అధ్యాయములో నున్నది.