ముక్కు టీకా – సైటోకైన్ల కబురు



మాది హోసూరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కన్నడం, బడిలో ఇంగ్లీషు. స్కాలర్‌షిప్ సాయంతోనే ఎం.ఎస్సీ. చదివాను. వైవాలో "సైటోకైన్లు అంటే ఏమిటి?" అని అడిగితే పన్నెండు పేర్లు గడగడా అప్పజెప్పాను. "అవి చేసే పని?" అనగానే నోరు పెగల్లేదు. ఆ మార్కులు పోయాయి, పాఠం మిగిలింది.

పూర్వం ఊళ్లలో టముకు వేసేవారు. అందరికీ వినబడినా, పని ఉన్నవారే కదిలేవారు. సైటోకైన్ కూడా అంతే. అది ఒక కణం ఇతర కణాలకు పంపే చిన్న ప్రోటీన్. తగిన గ్రాహకం, అంటే రిసెప్టర్, ఉన్న కణమే ఆ కబురు అందుకుంటుంది. చాలా సైటోకైన్ల విషయంలో గ్రాహకం దగ్గరున్న జాక్ ఎంజైములు స్టాట్ ప్రోటీన్లను మేల్కొలుపుతాయి. స్టాట్‌లు కేంద్రకంలోకి వెళ్లి కొన్ని జన్యువుల చేత పని చేయిస్తాయి.

ఇక టీకా సంగతి. చేతికి వేసే సూది ముఖ్యంగా రక్తంలో ఐజీజీ యాంటీబాడీలను పెంచుతుంది. ముక్కులో వేసే చుక్కలు శ్లేష్మపొరలోనే కాపలా పెట్టాలని చూస్తాయి. అక్కడి కాపలాదారు ఐజీఏ. అది తయారయ్యే క్రమం ఇదీ:

1. టీకాను గుర్తించిన పొర కణాలు, డెండ్రైటిక్ కణాలు ఇంటర్‌ఫెరాన్లు, ఐఎల్-6 వంటివి విడుదల చేస్తాయి.
2. టీజీఎఫ్-బీటా కబురుతో బి కణం ఐజీఏ తయారీకి మారుతుంది. ఐఎల్-5, ఐఎల్-6 ఆ తయారీని పెంచుతాయి.
3. ఐఎల్-17 వంటివి ఐజీఏను పొర దాటించే మోతగ్రాహకాన్ని పెంచుతాయి.

ఇక్కడే చిక్కుంది. ముక్కు రోజంతా దుమ్ము పీలుస్తుంది. ప్రతిదానికీ పోరాడితే బతకలేం. అందుకే టీజీఎఫ్-బీటా, ఐఎల్-10 "ఊరుకోండి" అనే కబురు కూడా పంపుతాయి. కాబట్టి టీకా ఇచ్చే హెచ్చరిక బలహీనమైతే ఫలితం తక్కువ. మితిమీరితే హాని. 2000-01 శీతాకాలంలో స్విట్జర్లాండులో వాడిన ఒక ఫ్లూ ముక్కు టీకాలో, స్పందన పెంచడానికి ఇ.కోలై విషపదార్థం కలిపారు. తీసుకున్నవారిలో ముఖపక్షవాతం కేసులు పెరగడంతో దాని వాడకం ఆపేశారు.

అంతమాత్రాన దారి మూసుకుపోలేదు. బలహీనపరచిన సజీవ వైరస్‌లతో చేసిన ఫ్లూమిస్ట్‌కు 2003లో అమెరికాలో అనుమతి వచ్చింది. హైదరాబాదు భారత్ బయోటెక్ వారి కోవిడ్ ముక్కు టీకా ఇన్‌కోవాక్‌కు 2022 సెప్టెంబరులో మన దేశంలో అనుమతి లభించి, 2023 జనవరి 26న విడుదలైంది.

విద్యార్థులకు ఒక మాట. సైటోకైన్ పేరు చదివినప్పుడల్లా నోటుబుక్కులో మూడు గళ్లు గీయండి: పంపేది ఎవరు, అందుకునేది ఎవరు, తర్వాత జరిగేది ఏమిటి. ముందు ఇంటి భాషలో అర్థం చేసుకుని, తర్వాత పరీక్ష భాషలో రాయండి.

తల్లిదండ్రులకు మనవి. "ఎన్ని మార్కులొచ్చాయి?" అనే ముందు "ఈ రోజు చదివింది నాకు చెప్పు" అని అడగండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగిన బిడ్డ వైవాలో నాలా నిలబడిపోడు.