వేసవి తాపము – బలహీనుల రక్షణము



రోహిణీ కార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పుదురు. రోలు పగులుట మనమెన్నడును చూడలేదు గాని, ఆ యెండకు మనుష్యులు కూలుట చూచితిమి. 2015వ సంవత్సరము మే మాసమున వీచిన వడగాడ్పులకు మన దేశములో 2,000 మందికి మించి మరణించిరి. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారే. అందరిపైనను ఒక్క సూర్యుడే కాయుచుండగా కొందరు మాత్రమే ఏల మరణించిరి? ఈ ప్రశ్నయే నేటి పాఠము.

దేహము చల్లబడు విధము

మీ యింటిలోని మట్టికూజాను గమనింపుడు. దాని సన్నని రంధ్రముల గుండ నీరు వెలికి చెమర్చి ఆవిరియగును. అందులకు వలయు వేడిమిని కూజానుండియే తీసికొనును గనుక లోపలి నీరు చల్లబడును. మన చర్మమును ఇట్లే పనిచేయుచున్నది. దేహపు వేడిమి సాధారణముగా 37 డిగ్రీలు. ఎండవలన అది పెరుగబోగా గుండె వేగముగా కొట్టుకొని రక్తమును చర్మమునకు పంపును. చెమట పుట్టి, ఆరి, దేహమును చల్లబరచును. మన సికింద్రాబాదులో వేసవిగాలి పొడిగా నుండుటచే చెమట పుట్టినది పుట్టినట్లే ఆరిపోవును. ఎంత నీరు పోయినదో మనకే తెలియదు. పోయిన నీటిని, ఉప్పును మరల చేర్చనిచో కూజా వట్టిపోయినట్లగును. అప్పుడు దేహపు వేడిమి 40 డిగ్రీలు దాటి, మాట తడబడి, స్మృతి తప్పును. ఇదియే వడదెబ్బ.

ఎవరికి అపాయము

వృద్ధులకు చెమట తక్కువ పట్టును. దప్పికయు అంతగా తోచదు. పసిబిడ్డలు నీరు కావలెనని చెప్పలేరు. గర్భిణులకును, గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారికిని ఎండ మిక్కిలి హాని చేయును. రోడ్లు వేయువారు, ఇండ్లు కట్టువారు, రైలు స్టేషనులో మూటలు మోయువారు నీడకు పోయినచో ఆనాటి కూలి పోవును. రేకుల కప్పు క్రింద నుండువారికి ఇల్లే పొయ్యియగును. పగలు కాగిన గోడలు రాత్రి వేడిమిని విడుచుటచే నిద్రలోను వారికి విశ్రాంతి లేదు.

ఒంటరితనము వీటన్నిటికంటె కీడు. అమెరికాలోని చికాగో నగరమున 1995 జూలైలో వడగాడ్పులకు 700 మందికి పైగా మరణించిరి. వారిలో అనేకులు ఒంటరిగా నివసించు వృద్ధులు. ధనము గల పట్టణమైనను, తలుపు తట్టువారు లేనప్పుడు ఆ ధనము వారికి అక్కరకు రాలేదు.

ఇచ్చట నా తప్పిదమొకటి చెప్పుకొనవలెను. ఆ 2015 వేసవిలో మా వీధిలో మేడమీది రేకుల గదిలో ఒక అవ్వ ఒంటరిగా నుండెడిది. మరుగుదొడ్డి క్రింద నుండుటచే, నీరు త్రాగినచో మాటిమాటికి మెట్లు దిగవలసి వచ్చునని ఆమె నీరే తగ్గించుకొనెను. ఈ సంగతి నేనెరుగుదును. “నీళ్లు బాగుగా త్రాగుము, అవ్వా” అని చెప్పి నా దారిని నేను పోయితిని. రెండు దినములు తలుపు మూసియుండుట చూచి, ఎండకు మూసికొన్నదని తలచితిని. మూడవనాడు తలుపు త్రోసి చూడగా స్మృతిలేక పడియుండెను. ఆసుపత్రికి చేర్చితిమి గాని బ్రదుకలేదు. ఆమెకు కావలసినది బోధ కాదు. మధ్యాహ్నము కూర్చుండుటకు క్రింది యింట కొంత చోటు. ఆరోగ్యశాస్త్రము చెప్పు నేను ఆ మెట్లెక్కనైతిని.

చేయవలసిన పనులు

1. పగలు 12 గంటలనుండి 4 గంటలవరకు వృద్ధులను, పిల్లలను నీడపట్టున నుంచవలెను. కూలివారిచే పని చేయించుకొనువారు ఉదయము, సాయంకాలము చేయించుకొని, కూలి తగ్గింపకుండవలెను.

2. దప్పిక కాకమునుపే నీరు, మజ్జిగ, అంబలి ఇయ్యవలెను. నీరసించిన వారికి, కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో 6 చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. చెంచాలు తలగొట్టి కొలువవలెను.

3. స్మృతి తప్పినవారి నోట నీరు పోయరాదు. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒడలెల్ల తడిపి విసరవలెను. మెడ, చంకలు, గజ్జలలో చల్లని తడిబట్టలుంచవలెను. వెంటనే 108కి ఫోను చేయవలెను.

4. ఇంటి కప్పుపై తెల్లసున్నము వేసినచో లోపలి వేడిమి తగ్గును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది.

5. నీటికొరతచే డ్రమ్ములలో నీరు నిలువచేయువారు వాటిపై మూతలుంచి, వారమున కొకమారు తోమి ఆరబెట్టవలెను. డెంగీ దోమ అట్టి మంచినీటిలోనే గ్రుడ్లు పెట్టును. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ దొర దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నది మన సికింద్రాబాదులోనే యని మరువకుడు.

ఎండ యేల పెరుగుచున్నది

బొగ్గు, పెట్రోలు మండించుటచే గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగినది. యంత్రయుగమునకు పూర్వము గాలి పదిలక్షల పాళ్లలో అది సుమారు 280 పాళ్లుండగా, నేడు 420 దాటినది. అది భూమి వేడిమిని కంబళివలె పట్టియుంచును. కావున వడగాడ్పులు మునుపటికంటె తరచుగా, తీవ్రముగా వచ్చుచున్నవి. కారు గాని, చల్లనిగాలి యంత్రము గాని లేని కూలివాడు ఈ వాయువును పెంచినది మిక్కిలి స్వల్పము. బాధ మాత్రము వానిదే యధికము. అతనికి నీడ, నీరు ఇచ్చుట దయ యని తలపరాదు. అది మనము తీర్చవలసిన బాకీ.

ప్రభుత్వములు చేయవలసిన పనియు గలదు. అహమ్మదాబాదు నగరము 2010లో అనేక ప్రాణములు కోల్పోయి, 2013లో వడగాడ్పుల కార్యప్రణాళికను ఏర్పరచుకొనెను. ముందుగా హెచ్చరించుట, ఆసుపత్రులను సిద్ధపరచుట అందులోని ముఖ్యాంశములు. తరువాత మన రాష్ట్రమును అట్టి ప్రణాళికను సిద్ధపరచినది. అయినను ఏ మేడమీద ఏ అవ్వ యున్నదో ప్రణాళికకు తెలియదు, వీధివారికే తెలియును.

బాటసారులకై చలివేంద్రములు నిలుపుట మన పూర్వాచారము. కాని ఆ నీరు నడచి రాగలవారికే దక్కును. నడచి రాలేనివారి యొద్దకు మనమే పోవలెను.

సెలవులలో చేయదగిన పని: మీ వీధిలో ఒంటరిగా నుండు వృద్ధులు, రోగులు ఎవరో మీ తలిదండ్రులతో కలిసి తెలిసికొనుడు. ఎండ తీవ్రముగా నున్న దినములలో ఉదయము, సాయంకాలము వారి తలుపు తట్టి, కూజాలో నీరున్నదో లేదో స్వయముగా చూచి రండు. బడి తెరచిన దినమున ఎన్ని తలుపులు తట్టితిరో నాకు చెప్పుడు. నేనెక్కిన మెట్లెన్నో నేనును మీకు చెప్పుదును.