వేగం కన్న నిలకడ మిన్న

దూరదేశంలోని ఆత్మీయుల కంఠస్వరం వినడానికి ఒకప్పుడు ట్రంక్ కాల్ కోసం గంటల తరబడి నిరీక్షించవలసి వచ్చేది. భారతదేశంలో 2002 ఏప్రిల్ 1 నుంచి అంతర్జాల సంభాషణకు అనుమతి లభించింది. నేడు గుంటూరు జిల్లా పల్లెలోని తల్లి అమెరికాలో చదువుకొనే కుమారునితో నిత్యమూ మాట్లాడగలుగుతున్నది. కేబుల్ సౌకర్యం లేని ఇంటికి ఇందుకు ఆధారం మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ పరికరం.

ఇది ప్రధానంగా రెండు విధాలు. కంప్యూటరుకు తగిలించే డాంగిల్ మొదటిది. సిమ్ కార్డు ద్వారా అందే సంకేతాన్ని వైఫైగా మార్చి పలు ఫోన్లకు ఏకకాలంలో అందించే హాట్‌స్పాట్ రెండవది. ఫోనులోనే మాట్లాడే కుటుంబానికి రెండవదే అనువైనది.

కొనుగోలుదారులు సాధారణంగా ప్రకటనలలోని వేగాన్నే చూస్తారు. కాని మాటకు కావలసిన వేగం స్వల్పం. జి.711 పద్ధతిలో ఒక కంఠస్వరానికి సెకనుకు 64 కిలోబిట్లు, చేరవేతకు మరికొంత అదనంగా సరిపోతాయి. అసలు చిక్కు జాప్యంతోనే. మాట చిన్న చిన్న భాగాలుగా విడివడి ప్రయాణిస్తుంది. అవి వేళకు చేరకపోతే మాట తెగుతుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగిపోతారు. ఒకవైపు జాప్యం 150 మిల్లీసెకన్లు మించకుంటే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య సూచించింది.

కావున ఇంటివద్ద ఏ సంస్థ సంకేతం నిలకడగా అందుతున్నదో ముందుగా పరిశీలించాలి. మన దేశంలో 4జీ సేవలకు వాడే 850, 1800, 2300 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యాలను పరికరం స్వీకరించగలదో లేదో తెలుసుకోవాలి. విదేశాలలో కొన్నవన్నీ ఇక్కడ పనిచేయవు. విద్యుత్తు పోయినా ఆగని బ్యాటరీ ఉండాలి. పరికరాన్ని కిటికీ చెంత ఉంచడం మేలు.

"బాగున్నావా నాయనా?" అన్న ప్రశ్నకూ దాని బదులుకూ నడుమ నిశ్శబ్దాన్ని తగ్గించేదే మేలైన పరికరం.