పోటీ పరీక్షల ప్రత్యేకం: విసునూరు దేశ్‌ముఖ్ కుటుంబ దౌర్జన్యాలు

గ్రూప్స్‌లో తెలంగాణ సాయుధ పోరాటం అంటే ముందు చదవాల్సిన పేరు విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి. ఆధిపత్యం సుమారు 60 గ్రామాలపై. భూమి 40,000 ఎకరాలు. అత్యధిక భూమి మాత్రం ఈయనది కాదు, జన్నారెడ్డి ప్రతాపరెడ్డిది (1,50,000 ఎకరాలు). ఇక్కడే ఎక్కువమంది మార్కు పోగొట్టుకుంటారు.

ప్రాంతం: నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా, తర్వాత వరంగల్ జిల్లా, 2016 అక్టోబరు 11 నుంచి జనగామ జిల్లా.

పెత్తనం ఒక్కడిది కాదు, ఇంటిల్లిపాదిదీ. తల్లి జానమ్మ దొరసాని గడి (కోటలాంటి ఇల్లు) కడవెండిలో. సాధనాలు: వెట్టి, అక్రమ వసూళ్లు, భూకబ్జా, గూండాలు.

తప్పక గుర్తుంచుకోవాల్సిన ముగ్గురు:
షేక్ బందగీ: కామారెడ్డిగూడెం. భూమి కోసం కోర్టులో పోరాడి గెలిచిన సామాన్య రైతు. 1940లో దొర మనుషులు చంపారు. 'మా భూమి' నాటకానికి ప్రేరణ.
చాకలి (చిట్యాల) ఐలమ్మ: పాలకుర్తి. ఆమె కౌలు భూమిలో పంటను ఎత్తుకుపోవడానికి దొర మనుషులు వస్తే సంఘం (ఆంధ్ర మహాసభ) కార్యకర్తలు అడ్డుకున్నారు. జననం 1895, మరణం 1985 సెప్టెంబరు 10.
దొడ్డి కొమరయ్య: 1946 జులై 4, కడవెండి. సంఘం ఊరేగింపుపై గడి వైపు నుంచి కాల్పులు. సాయుధ పోరాటంలో తొలి అమరుడు. బందగీ అంతకుముందే మరణించినా, 'తొలి అమరుడు' అని అడిగితే జవాబు కొమరయ్యే.

పోరాటానికి సంబంధించిన ఇతర ముఖ్య తేదీలు. ఆంధ్ర మహాసభ 11వ సమావేశం: భువనగిరి, 1944, అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి. హైదరాబాద్ సంస్థానంపై పోలీసు చర్య: 1948 సెప్టెంబరు 13–17. పోరాట విరమణ: 1951 అక్టోబరు.