పురుగు చచ్చినా గుడ్డు బతికే ఉంటుంది

శామీర్‌పేట



మేడ్చల్‌లో మీ ఇంట్లోని ఉప్పునీళ్ల ట్యాంకు ఫొటోలు చూశాను. గుత్తులుగా పెరిగే జోవా పగడాలు కొన్నాళ్లుగా విచ్చుకోవడం లేదనీ, ఒక పక్క రెండు మూడు కరిగిపోయాయనీ రాశావు. ఏ మందు పోయాలని అడిగావు. మందు సంగతికి తర్వాత వస్తాను. పగడాలను తినే పురుగును చంపడం తేలికే, దాని గుడ్లను వదిలించుకోవడమే కష్టం. ఇది అర్థమైతే మిగతాదంతా నీకే తెలుస్తుంది.

మొదట నీళ్లు చూసుకో. మన వైపు బోరు నీళ్లు గట్టివి, వాటిలో ఉప్పు కలిపితే సముద్రం కాదు. ఆర్వో నీళ్లే వాడు. హైడ్రోమీటరు 1.025 దగ్గర, వేడి 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. ఎండాకాలం కరెంటు పోయి నీళ్లు కాగినా జోవాలు ముడుచుకుంటాయి. దానికి పురుగు మందు పోస్తే ఉన్నవి కూడా పోతాయి. నీళ్లన్నీ సరిగ్గా ఉండి, ఒక్క గుత్తే రోజురోజుకూ తరుగుతుంటే అప్పుడు పురుగును అనుమానించు.

దాన్ని పగలు వెతక్కు. లైట్లు ఆరిన గంటా రెండు గంటలకు, టార్చికి ఎర్ర కాగితం చుట్టి, గుత్తి కాడల మధ్య నిదానంగా చూడు. జోవాలను తినే నుడిబ్రాంక్ అక్కడ ఉంటుంది. పెంకు లేని నత్త, బియ్యపు గింజంత. వీపు నిండా మెత్తటి వేళ్ల లాంటి పోగులు. తిన్న జోవా రంగే ఒంటికి పట్టించుకుంటుంది కాబట్టి ఆకుపచ్చ గుత్తిలో ఆకుపచ్చగా, గులాబీ గుత్తిలో గులాబీగా కలిసిపోతుంది. అది కదిలితేనే నీకు కనబడుతుంది. ఇక గుత్తిని తిప్పి కాడల మొదళ్లూ, గుత్తిని అంటించిన ప్లగ్ అడుగూ చూడు. సన్నటి తెల్లటి చుట్టలా అంటుకుని ఉన్నవే గుడ్లు. అక్కడే నలుపూ తెలుపూ గళ్ల గుండ్రటి పెంకుతో బల్లపరుపు నత్త దొరికితే అది సన్‌డయల్ నత్త. అదీ జోవాలనే తింటుంది, కానీ చేత్తో ఏరేస్తే చాలా వరకు పని అయిపోతుంది.

నుడిబ్రాంక్ కనబడితే ఒక్క గుత్తితో సరిపెట్టకు. జోవాలన్నిటినీ పెద్ద ట్యాంకు నుంచి తీసి వేరే డబ్బాలో పెట్టు. ఆ పురుగులకు తిండి జోవాలే కనుక, పెద్ద ట్యాంకులో మిగిలినవి ఆకలితో పోతాయి. ట్యాంకు నీళ్లే మగ్గులోకి తీసుకుని, పగడాల డిప్ మందును సీసా మీద రాసిన కొలత ప్రకారం కలుపు. గుత్తిని అందులో ఉంచి, సిరంజితో నీళ్లు చిమ్ముతూ ఉంటే పురుగులు ఊడి అడుగున పడతాయి. గుడ్లు అలా ఊడవు. మందు వాటి పొరను దాటి లోపలికి పోదు. అందుకే వాటిని చెక్క పుల్లతో నీళ్లలోనే గీకెయ్యి, పాత ప్లగ్ పారేసి కొత్తది పెట్టు. నీ కంటికి కనబడని గుడ్డు తర్వాతి వారంలో పిల్లవుతుంది. అది పెరిగి మళ్లీ గుడ్లు పెట్టేలోపే నువ్వు మరో డిప్ ఇవ్వాలి. అలా వారం వారం ఆరు వారాలు. మొదటి డిప్ తర్వాత జోవాలు చక్కగా విచ్చుకుంటాయి, తగ్గిపోయిందని అందరూ ఆగేది సరిగ్గా అక్కడే. డిప్ నీళ్లు తిరిగి ట్యాంకులో పోయకు.

ఇంకో మాట, ఇది నీ ప్రాణానికి సంబంధించింది. జోవాల జాతిలో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు లేకుండా వాటిని ముట్టుకోకు. జోవాలున్న రాయిని ఎప్పుడూ ఉడకబెట్టకు, వేడినీళ్లు పోసి రుద్దకు. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో జరిగాయి.

చచ్చిన జోవా మీద బ్రిసిల్ వార్మ్ అనే పురుగు కనబడగానే అదే తిన్నదనుకోకు. చాలా వరకు అవి కుళ్లినదాన్ని శుభ్రం చేసేవే. ఐప్టేసియా అనే గోధుమరంగు సీ అనిమొనీ మాత్రం పగడాలను తినకపోయినా పక్కవాటిని కాల్చి చంపుతుంది. దాన్ని నలిపితే తెగిన ముక్క ముక్కా మొలుస్తుంది. చిక్కటి సున్నపు ముద్దను సిరంజితో దాని నోట్లో వెయ్యి. చిన్న ట్యాంకులో నీళ్ల పీహెచ్ ఒక్కసారిగా పెరిగిపోకుండా రోజుకు ఒకటి రెండిటికే. పురుగులు తింటుందని ఎవరో చెబితే సిక్స్‌లైన్ రాస్ చేపను తేకు. చిన్న ట్యాంకులో అది మిగతా చేపలను బతకనివ్వదు.

ఇంత ఓపిక దేనికని అడుగుతావేమో. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో 1985 నుంచి 2012 దాకా పగడాలు దాదాపు సగం పోయాయి. ఆ నష్టంలో 42 శాతం ముళ్లకిరీటం నక్షత్రచేప తిన్నందువల్లేనని శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. అంత పెద్ద సముద్రంలోనూ డైవర్లు దిగి, ఒక్కో నక్షత్రచేపకు సూదితో పిత్త లవణాలో వెనిగరో ఎక్కించి చంపుతున్నారు. అక్కడే అడ్డదారి దొరకలేదు, మన గాజు పెట్టెలో ఎలా దొరుకుతుంది?

చివరగా, కొనే దగ్గర జాగ్రత్త. రాతి పగడాలను, నల్ల పగడాలను, సముద్రపు విసనకర్రలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు, పులితో సమానంగా. మన సముద్రాల్లోంచి తీసిన వాటిని అమ్మినా, కొన్నా నేరమే. పత్రాలు చూపని దుకాణంలో ఏదీ కొనకు. సక్రమంగా కొన్న ముక్కనైనా డిప్ ఇచ్చి, నెలకు పైగా వేరే డబ్బాలో ఉంచాకే ట్యాంకులో దించు. ఆ జీవి నీ సరదా కోసం సముద్రం వదిలి వచ్చింది, దాన్ని బతికించే పూచీ నీదే.

ఈ ఆదివారం మొదటి డిప్ చెయ్యి. క్యాలెండరులో ఆరు ఆదివారాలకూ గుర్తు పెట్టుకో. జోవాలు ఎంత బాగా విచ్చుకున్నా ఒక్కటీ మానకు.

మీ మామయ్య