తాబేలు తొట్టిలో గోల్డ్‌ఫిష్

ప్రశ్న: మాది హోసూరు. మూడడుగుల అద్దాల తొట్టిలో చిన్న తాబేలుతో పాటు ఆరు గోల్డ్‌ఫిష్‌లు వేశాం. నెలలో రెండు మాయమయ్యాయి, మిగతావాటి తోకలు చిరిగాయి. నీళ్లు కంపు కొడుతున్నాయి. మేత సరిగ్గానే వేస్తున్నాం. ఏం చేయాలి?

జవాబు: మాయమైనవి తాబేలు కడుపులోకే వెళ్లుంటాయి. కళ్ల వెనక ఎర్ర చార ఉంటే అది అమెరికా జాతి, రెడ్ ఇయర్డ్ స్లైడర్. మేత వేసినా కదిలే చేపను వదలదు. నిదానంగా ఈదుతూ తోక ఊపే గోల్డ్‌ఫిష్ దానికి పిలిచి వడ్డించినట్టే! పైగా తాబేలు మలమూత్రాల నుంచి వచ్చే అమ్మోనియా చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. కంపు అందుకే.

ఈరోజే చేపలను వేరే తొట్టిలోకి మార్చండి. అందులో గాలి పంపు ఉండాలి. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లయితే క్లోరిన్ విరిచే మందు చుక్కలు వేయండి. తాబేలుకు పెద్ద ఫిల్టరు పెట్టి, వారానికోసారి మూడో వంతు నీళ్లు మార్చండి. ఎక్కి ఒళ్లు ఆరబెట్టుకోవడానికి ఒక రాయి, దానిపై వెచ్చటి దీపం తప్పనిసరి. హోసూరు చలికి ఇది మరీ అవసరం. తొట్టి ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, సాల్మొనెల్లా అనే బాక్టీరియా సోకవచ్చు.

విసుగొచ్చి తాబేలును దగ్గర్లోని కెలవరపల్లి డ్యాంలో మాత్రం వదలకండి, అక్కడి తాబేళ్ల తిండికి పోటీ అవుతుంది. ఒకవేళ అది చెరువులో దొరికిన మన తాబేలైతే ఇంట్లో పెంచడం నేరం, అటవీ శాఖకు చెప్పండి. కళ్లు ఉబ్బినా, చిప్ప మెత్తబడినా, వారంగా మేత ముట్టకపోయినా ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించండి.