చేనుకాడ లెక్కలకు చిన్న కంప్యూటర్: కొనేముందు చూసుకోవాల్సినవి

దేశంలో 10 వేల రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పెట్టించాలని కేంద్ర ప్రభుత్వం 2020 ఫిబ్రవరిలో పథకం మొదలుపెట్టింది. ఆ తర్వాత మన ప్రాంతంలోనూ ఇలాంటి సంఘాలు చాలా ఏర్పడ్డాయి. సభ్యుల వాటాధనం, విత్తనాలు, ఎరువుల పద్దు, కొన్న సరుకు తూకం, తేమ శాతం, ఎవరికెంత చెల్లించారు, ఇంకెంత ఇవ్వాలి - ఇవన్నీ రాసే పని సంఘం గుమాస్తాది. ఈ పని ఆఫీసు గదిలో తక్కువ. కళ్లంలో, గోదాములో, మార్కెట్ యార్డులో, రేకుల షెడ్డు కింద ఎక్కువ. అందుకే చాలా సంఘాలు చేత్తో మోసుకుపోయే చిన్న కంప్యూటర్, అదే ల్యాప్‌టాప్, కొనాలని చూస్తున్నాయి.

ఇక్కడే జాగ్రత్త వహించాలి. పట్నంలో దుకాణానికి పోతే చల్లని గదిలో, ట్యూబులైటు వెలుగులో, కరెంటు తీగ తగిలించి చూపిస్తారు. అక్కడ ఏ యంత్రమైనా బాగానే ఉంటుంది. మన పని జరిగే చోట ఎండ ఉంటుంది, దుమ్ము ఉంటుంది, కరెంటు ఉండకపోవచ్చు. తూకం మధ్యలో యంత్రం ఆగిపోతే లారీ నిలబడుతుంది. బస్తాల లెక్క చీటీల మీదకు పోతుంది. ఒక్క చీటీ జారిపోతే ఒక రైతు డబ్బు ఆగుతుంది. లెక్క మీద నమ్మకం పోయిన సంఘం నిలబడటం కష్టం. కాబట్టి యంత్రాన్ని దుకాణం కళ్లతో కాకుండా కళ్లం కళ్లతో చూడాలి.

ముందు పనేమిటో రాసుకోండి

గోరుతో పోయేదానికి గొడ్డలి ఎందుకంటారు. రోజుకు పదిపదిహేను మంది పేర్లు, ఫొటోలు ఎక్కించడమే పనైతే చేతిలో ఉన్న ఫోనే చాలు. చేలు తిరిగి పంట వివరాలు నమోదు చేసే వాళ్లకు, డ్రోన్‌తో మందు కొట్టే వాళ్లకు ట్యాబ్ సరిపోతుంది. పొడుగాటి పట్టికలు, బిల్లులు, జీఎస్టీ లెక్కలు ఉంటే మాత్రం మీటల పలక ఉన్న ల్యాప్‌టాప్ కావాలి. చాలా సంఘాలు వాడే ట్యాలీ ప్రైమ్ విండోస్ కంప్యూటర్ మీద నడిచేది. తక్కువ ధరకు వస్తున్నదని క్రోమ్‌బుక్ కొంటే దాంట్లో ఈ సాఫ్ట్‌వేర్ నేరుగా ఎక్కదు. మీ ఆడిటరు ఏ సాఫ్ట్‌వేర్‌లో లెక్క అడుగుతారో కనుక్కొని, ఆ తర్వాతే దుకాణం మెట్లెక్కండి.

బ్యాటరీ లెక్క మీరే కట్టండి

'రోజంతా వస్తుంది' అనే మాటను పట్టుకొని కొనవద్దు. కంపెనీలు చెప్పే గంటలు సాధారణంగా తెర వెలుగు బాగా తగ్గించి కొలిచినవి. బ్యాటరీ సామర్థ్యం వాట్ అవర్లలో ఉంటుంది. పెట్టె మీదో, యంత్రం అడుగునో, కంపెనీ వివరాల పత్రంలోనో ఆ అంకె దొరుకుతుంది. ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయో చెప్పే అంకెలాంటిదే ఇది.

ఆరుబయట తెర వెలుగు పెంచి, ఫోను నుంచి ఇంటర్నెట్ తీసుకుంటూ పనిచేస్తే చిన్న ల్యాప్‌టాప్ గంటకు సుమారు 10 వాట్ అవర్లు తాగుతుందని లెక్క వేసుకోండి. 50 వాట్ అవర్ల బ్యాటరీ అయితే 5 గంటలు వస్తుంది. వాడకం పెరిగేకొద్దీ బ్యాటరీ క్షీణిస్తుంది. దాని శక్తి 70 శాతానికి పడిపోయిననాడు అదే యంత్రం మూడున్నర గంటలే నిలబడుతుంది. ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా తూకాలు నడిచే కేంద్రంలో 8 గంటలకు 80 వాట్ అవర్లు కావాలి. అంత బ్యాటరీ ఉన్న చిన్న యంత్రాలు అరుదు, ధర కూడా ఎక్కువ.

దీనికి విరుగుడు ఉంది. టైప్-సి తీగతో చార్జి అయ్యే ల్యాప్‌టాప్ తీసుకొని, దానికి తోడుగా పవర్ బ్యాంకు పెట్టుకోవాలి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో 74 వాట్ అవర్లు ఉంటాయి. మధ్యలో కొంత వృథా పోగా 55 నుంచి 60 దాకా చేతికి వస్తాయి. అంటే 50 వాట్ అవర్ల యంత్రానికి ఇంకో నిండు చార్జి అన్నమాట. అయితే మామూలు ఫోను పవర్ బ్యాంకు దీనికి పనికిరాదు. 'పవర్ డెలివరీ' అని రాసి ఉండి, 45 లేదా 65 వాట్లు ఇచ్చేదై ఉండాలి. ఇదే రకం చార్జరు కారుకు పెట్టుకుంటే దారిలో కూడా చార్జి చేసుకోవచ్చు.

ఒక హెచ్చరిక. బోరు మోటారు స్టార్టరు పెట్టె నుంచి విడి తీగలు లాగి చార్జరు గుచ్చే పని ఎంత మాత్రం చేయవద్దు. యంత్రం కాలిపోవడం అటుంచి మనిషి ప్రాణానికే ముప్పు.

బయట తిరిగి పనిచేసే వాళ్లకు బ్యాటరీయే ప్రాణమని తొలినాళ్లలోనే తేలింది. 1981లో అమెరికాలో ఆస్బోర్న్-1 అనే కంప్యూటర్ వచ్చింది. చేత్తో మోయగలిగినదే గాని బరువు 11 కిలోలు, పైగా సొంత బ్యాటరీ లేదు. 1983లో అక్కడే వచ్చిన టీఆర్‌ఎస్-80 మోడల్ 100కు ఎనిమిది వరుసల చిన్న తెర ఉండేది. కాని నాలుగు పెన్సిల్ సెల్లులతో దాదాపు 20 గంటలు నడిచేది. ఊళ్లు తిరిగే విలేకరులు ఈ రెండో దాన్నే ఇష్టపడ్డారు.

ఎండలో తెర కనపడాలి

తెర వెలుగును 'నిట్స్' అనే కొలతలో చెబుతారు. తక్కువ ధర యంత్రాలలో ఇది 250 దగ్గర ఉంటుంది. గదిలో అది చాలు, చెట్టు నీడలో చాలదు. పందిరి కింద, షెడ్డు అంచున పనిచేయాలంటే కనీసం 400 ఉన్నది చూడండి. నేరుగా ఎండ పడితే అది కూడా కష్టమే, నీడ చూసుకోవాల్సిందే. అద్దంలా మెరిసే తెర వద్దు. మెరుపు లేని తెర తీసుకుంటే మీ మొహం, వెనకున్న ఆకాశం అందులో కనపడవు. ఐపీఎస్ రకం తెర అయితే పక్క నుంచి చూసినా అంకెలు కనపడతాయి. రైతు మీ పక్కన నిలబడి తన తూకం తానే చూసుకోగలగాలి కదా!

తెర సైజు 13 లేదా 14 అంగుళాలు, బరువు కిలోన్నరకు అటూఇటూ ఉంటే బండి మీద తిరగడానికి అనువు. ఈ సైజులో అంకెల మీటలు విడిగా ఉండవు. రోజంతా తూకాలు కొట్టే వాళ్లు కొద్ది ఖర్చుతో అంకెల మీటల పలక ఒకటి విడిగా కొనుక్కుంటే పని సులువవుతుంది, తప్పులూ తగ్గుతాయి.

వేడి, దుమ్ము

చాలా ల్యాప్‌టాప్‌లను 35 డిగ్రీల వేడి వరకు పనిచేసేలా తయారుచేస్తారు. మన వేసవిలో రెంటచింతల, రామగుండం వంటి చోట్ల 45 డిగ్రీల దరిదాపుకు పోతుంది. మిర్చి, పసుపు అమ్మకాలు జోరుగా సాగేదీ ఎండలు ముదిరే కాలంలోనే. కాబట్టి ఈ జాగ్రత్తలు పాటించాలి:

- గోనె సంచి మీద, ధాన్యం రాశి మీద, పరుపు మీద పెట్టి వాడవద్దు. గాలి పీల్చుకునే రంధ్రాలు చాలా యంత్రాలకు అడుగునే ఉంటాయి. అవి మూసుకుపోతే యంత్రం వేడెక్కి నిదానిస్తుంది. చెక్కబల్ల మీద గాని, గట్టి అట్ట మీద గాని పెట్టండి.
- తూర్పారపట్టే చోటికి, కాటా కింద రాలే పొట్టుకు దూరంగా, గాలి వచ్చే వైపున కూర్చోండి.
- నడుస్తున్న యంత్రం మీద ప్లాస్టిక్ కవరు కప్పవద్దు. పని అయ్యాక సంచిలో పెట్టేముందు పూర్తిగా ఆపండి.
- ఎండలో ఆపిన కారులో గాని, స్కూటరు డిక్కీలో గాని వదలవద్దు. బ్యాటరీ త్వరగా చెడుతుంది.
- ఏడాదికి ఒకసారైనా తెలిసిన మెకానిక్‌తో లోపలి దుమ్ము తీయించండి.

ఫ్యాను లేని రకాలు కూడా ఉన్నాయి. వాటిలోకి పొట్టు, దుమ్ము చేరడం తక్కువ. వేడిలో నిదానిస్తాయి గాని లెక్కల పనికి సరిపోతాయి.

లోపలి సరుకు

తేలిక లెక్కలకు పెద్ద ప్రాసెసర్ అక్కర్లేదు. ర్యామ్ మాత్రం 8 జీబీకి తగ్గవద్దు. విండోస్ 11 నడవడానికి 4 జీబీ చాలని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. నడవడం వేరు, పని జరగడం వేరు. నిల్వకు 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉండాలి. 64 జీబీ ఈఎంఎంసీ ఉన్నవి చౌకగా వస్తాయి. విండోస్ అప్‌డేట్లతోనే అవి నిండిపోతాయి. ర్యామ్ తర్వాత పెంచుకునే వీలుందా, లేక బోర్డుకే అతికించి ఉందా అని అడగండి. అతికించినదైతే కొనేనాడు ఉన్నదే చివరిదాకా.

తూకం, ప్రింటరు కలుస్తాయా?

చాలా ఎలక్ట్రానిక్ కాటాలకు పాత రకం సీరియల్ తీగ ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌లకు ఆ రంధ్రం ఉండదు. మధ్యలో యూఎస్‌బీ కన్వర్టరు పెట్టాలి. స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉన్న కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లకు బ్యాటరీ బాగా వస్తుంది. కాని వాటికి తగిన డ్రైవరు లేకపోతే మీ చీటీ ప్రింటరు, వేలిముద్ర యంత్రం పనిచేయవు. అందుచేత ప్రింటరు, కన్వర్టరు వెంట తీసుకొనిపోయి, దుకాణంలోనే తగిలించి చూసి మరీ కొనండి.

సిగ్నల్ లేని చోట సాఫ్ట్‌వేర్ ఏమవుతుందో కూడా కనుక్కోండి. ఇంటర్నెట్ లేకుండా నమోదు చేసుకొని, తర్వాత పంపే వీలు ఉన్నదే మనకు తగినది.

తెలుగులో రాయడానికి ఖర్చు లేదు. విండోస్‌లోనే తెలుగు మీటల అమరిక ఉంది. పేర్లు యూనికోడ్ తెలుగులోనే కొట్టండి. పాత డీటీపీ ఫాంట్లతో కొడితే, ఆ ఫాంటు లేని ఆడిటరు కంప్యూటర్‌లో రైతు పేరు పిచ్చిగీతల్లా కనపడుతుంది.

పాతది కొంటే

వాడినది కొనడం తప్పు కాదు. పెద్ద కంపెనీలు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ వంటివి గట్టివి, విడి భాగాలూ దొరుకుతాయి. ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూసినట్టు వీటికి రెండు చూడాలి.

మొదటిది ప్రాసెసర్ తరం. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం గాని, ఆ పైది గాని అయి ఉంటేనే విండోస్ 11 సక్రమంగా ఎక్కుతుంది. 'ఐ5' అన్న మాట ఒక్కటే విని మోసపోవద్దు. ఐ5లో ముసలీ ఉంది, పడుచూ ఉంది.

రెండోది బ్యాటరీ రిపోర్టు. ఇది విండోస్ లోపలే తీయవచ్చు, అమ్మేవాళ్లను తీసి చూపమనండి. అందులో తయారైననాటి కెపాసిటీ, ఇప్పటి నిండు కెపాసిటీ పక్కపక్కన ఉంటాయి. 50కి 30 మాత్రమే ఉంటే కొత్త బ్యాటరీ ధర తగ్గించి బేరం ఆడండి.

లెక్క పోకుండా

యంత్రం పోతే ఇంకోటి కొనవచ్చు, లెక్క పోతే కొనలేం. ప్రతి సాయంత్రం ఒక నకలు పెన్‌డ్రైవ్‌లోకి, ఇంకోటి ఇంటర్నెట్ నిల్వలోకి ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌ను ల్యాప్‌టాప్ సంచిలోనే పెడితే రెండూ కలిసే పోతాయి. దాన్ని సంఘం బీరువాలో ఉంచి తాళం వేయండి.

సభ్యుల ఆధార్, బ్యాంకు ఖాతా అంకెలు ఇందులోనే ఉంటాయి. వ్యక్తుల వివరాలను కాపాడే బాధ్యతపై 2023లో కేంద్రం చట్టమే చేసింది. పాస్‌వర్డ్ తప్పక పెట్టాలి. డిస్కుకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ సౌకర్యం ఉంటే వాడాలి. ఆ తాళం తీసే రికవరీ కీని కాగితం మీద రాసి, అధ్యక్షుడి దగ్గర ఒకటి, బీరువాలో ఒకటి ఉంచాలి. గుమాస్తా మారిననాడు సంఘం తన లెక్క తానే తెరవలేని స్థితి రాకూడదు.

కొనే రోజు

బిల్లు సంఘం పేరున, జీఎస్టీ నంబరుతో తీసుకోండి. సీరియల్ నంబరు బిల్లు మీద ఉండాలి. దొంగతనం జరిగితే ఫిర్యాదుకు అదే ఆధారం. సర్వీసు కేంద్రం జిల్లా కేంద్రంలో ఉందా, మెకానిక్ మన చోటికే వస్తాడా, బ్యాటరీకి వారంటీ ఎన్నాళ్లు - ఈ మూడూ అడిగి, జవాబు బిల్లు వెనక రాయించుకోండి. యంత్రాన్ని దుకాణం బయటకు తెచ్చి, పగటి వెలుగులో తెరిచి, పది పేర్లు, పది తూకాలు కొట్టి చూడండి. ఒప్పుకోని దుకాణం వదిలేసి ఇంకో దుకాణానికి పోండి.

ఉన్న డబ్బుకు అన్నీ కలిసి రాకపోవచ్చు. అప్పుడు పెద్ద తెర వదులుకోండి, వేగం కొంత వదులుకోండి. బ్యాటరీ, వెలుగున్న తెర, దగ్గరలో సర్వీసు - ఈ మూడింటిని మాత్రం వదులుకోవద్దు. సీజను మొదలయ్యే నెల ముందే కొని, పాత పద్దులన్నీ ఎక్కించి, గుమాస్తా చెయ్యి తిరిగేలా చూసుకోండి. మొదటి సీజను మాత్రం పక్కన కాగితం పుస్తకం కూడా నడపండి. రెండు లెక్కలూ రోజూ సాయంత్రం సరిపోతుంటే అప్పుడు పుస్తకాన్ని పక్కన పెట్టవచ్చు.